నీటిపిల్లి ఈల

అనగనగా ఒక కొండ, ఆ కొండ ఒడిలో ఒక అడవి, ఆ అడవి నడుమ ఆకాశమంత తేటైన మడుగు. అడవి జంతువులన్నీ ఆ నీళ్ళే తాగేవి. మిగిలిన నీళ్ళు గొట్టాల్లో దిగిపోయి, కింద పట్నంలో కుళాయిల్లో వచ్చేవి.

ఆ మడుగుకి కాపలా ఒక ముసలి నీటిపిల్లి. పేరు సెలయమ్మ. రోజూ తెల్లారగానే మూడు చోట్ల నీళ్ళు రుచి చూసేది. మొదట కొండ ఊట దగ్గర. తర్వాత రాళ్ళ మలుపులో. చివరికి, మిరపచేల కాలువ వచ్చి, మడుగుని నింపే వాగులో కలిసే చోట. మూడూ బాగుంటేనే గట్టు మీద నిలబడి ఈల వేసేది. ఆ ఈల వినందే ఎవరూ మూతి తడుపుకునేవాళ్ళు కాదు. అదీ అక్కడి కట్టుబాటు.

కాలువ చోటు మహా దూరం. దారంతా ముళ్ళు, బురద. సెలయమ్మకి కాళ్ళు పీకేవి. మంచు పట్టిన గడ్డిని చూస్తే, దాని మీద వాలిపోయి ఇక లేవకూడదనిపించేది.

ఒక రోజు కొమ్మ మీంచి కోతి నవ్వింది. "ఏం సెలయత్తా, నాలిక ఇంకా అరిగిపోలేదా? ఇన్నాళ్ళలో ఒక్కసారైనా చేదు తగిలిందా?"

"లేదురా," అంది సెలయమ్మ.

"మరెందుకీ తిరుగుడు? పైన తియ్యగా ఉన్న నీళ్ళు కిందకొచ్చి చేదెక్కుతాయా ఏంటి?"

అలిసిన ప్రాణానికి ఆ మాట చల్లగా తగిలింది. ఆ రోజు రెండు చోట్లే చూసి ఈల వేసింది. ఏమీ కాలేదు. మర్నాడూ అంతే చేసింది. ఏమీ కాలేదు.

ఆ సాయంత్రం తొలకరి వాన పడింది. మిరపచేలకి కొట్టిన పురుగుమందంతా కాలువలోకి కొట్టుకొచ్చింది.

తెల్లారి సెలయమ్మ రాళ్ళ మలుపు దగ్గరే ఆగింది. ముందంతా జారుడు బురద. 'నిన్న బాగానే ఉందిగా' అనుకుంది. నిన్న తను చూస్తేగా! ఈల వేసేసింది.

అందరికంటే ముందు లేడిపిల్ల పరుగెత్తుకెళ్ళి తాగింది. కాసేపటికే నురగలు కక్కుతూ కూలబడింది.

"నీ ఈల విన్నాకే తాగనిచ్చానత్తా," అంది తల్లి లేడి. అరవలేదు. అరిచినా బాగుండేది.

"కాలువ దగ్గర చూడలేదమ్మా," అంది సెలయమ్మ తల దించుకుని. "కాళ్ళు నొప్పులని మానేశాను."

ఎలాగో లేడిపిల్ల బతికింది. కానీ మునుపటిలా గెంతలేదు. కింద పట్నంలో ఎవరింట్లో ఏమైందో, ఆ కబురు కొండెక్కి రాలేదు.

మడుగు మళ్ళీ తేరుకున్నాక, మూడు చోట్లా చూసొచ్చి సెలయమ్మ ఈల వేసింది. ఒక్కరూ కదల్లేదు. తనే దిగి, అందరూ చూస్తుండగా కడుపునిండా తాగింది. పొద్దు బాగా ఎక్కాకగానీ మిగతావాళ్ళు దిగలేదు.

మర్నాడు తెల్లారేసరికి తల్లి లేడి దారిలో నిలబడి ఉంది.

"నేనూ వస్తానత్తా. నీ మీద నమ్మకం చాలక వస్తున్నాను."

"రా తల్లీ," అంది సెలయమ్మ. "అందుకే రా."

ఇద్దరూ బురదలో అడుగులేసుకుంటూ కాలువ వైపు నడిచారు.

నీతి: నీ మాట నమ్మి పదిమంది బతుకుతున్నప్పుడు, నువ్వు చూడనిదాన్ని చూశానని చెప్పకు.