సుభద్రాయమ్మ గారి లోగిట్లో నాలుగో స్తంభం

స్తంభం పని ముప్పాతిక వంతు అయిపోయాక ఏకాంబరానికి ఆ ముడి కనబడింది.

చిత్రిక పడుతుంటే పైచెక్క లేచిపోయి, టేకు దుంగలో ఒకప్పుడు కొమ్మ పుట్టిన చోటు బయటపడింది. ఏ చెట్టుకైనా కొమ్మ పైకే పోతుంది. ఈ కొమ్మ నేలచూపు చూస్తోంది. అంటే ఏకాంబరం స్తంభానికి పాదం అనుకున్నది చెట్టు చివర. తల అనుకుని పద్మం చెక్కినది చెట్టు మొదలు. ఇన్నాళ్ళూ దుంగను తలకిందులుగా పెట్టుకుని ఉలి ఆడించాడన్నమాట.

పనిలో చేరిన రోజున గురువు కామాచారి చెప్పిన మొదటి మాటే అది. చెట్టు ఎలా నిలబడి బతికిందో, స్తంభమూ అలాగే నిలబడాలి. మొదలు కిందికి, చివర పైకి. కామాచారికి పాత ఇళ్ళంటే ప్రాణం. ఏ ఊళ్ళో పని ఒప్పుకున్నా ముందు అక్కడున్న పాత లోగిళ్ళు చూసి వస్తే గాని ఉలి పట్టుకునేవాడు కాదు. స్తంభాలను చేత్తో తడిమి, ఇవి కట్టినవాళ్ళలో ఒక్కడైనా చెట్టును తలకిందులు చేశాడేమో చూపించరా అని శిష్యుణ్ణి అడిగేవాడు. ఏకాంబరం ఎప్పుడూ చూపించలేకపోయాడు. ఇప్పుడు చూపించగలడు, కానీ కట్టినవాడు తనే.

పొరపాటు ఎక్కడ జరిగిందో వెంటనే తెలిసింది. లావుగా ఉన్న కొస మొదలని అనుకున్నాడు. కొమ్మలు చీలే పంగ దగ్గర కూడా చెట్టు లావెక్కుతుందని తెలియనివాడు కాదు. పద్మం చెక్కాలన్న ఆత్రం కళ్ళకు గంతలు కట్టింది.

గోదావరి లంకల్లో సుభద్రాయమ్మ గారి మండువా లోగిలి తాతముత్తాతల నాటిది. నడిమి మండువా చుట్టూ నాలుగు టేకు స్తంభాలు ఉంటే, వాటిలో ఒకటి వాన నీళ్ళకు అడుగున చివికిపోయింది. దాని స్థానంలో కొత్తది చేయడం ఏకాంబరం వంతు. అది సవ్యంగా నిలబడితే ఇంటి పని మొత్తం అతని చేతిలో పెట్టి తాను తప్పుకుంటానని కామాచారి అమ్మగారికి చెప్పాడు. ఆయనకు మోకాళ్ళు పట్టేశాయి. ఏకాంబరం అప్పుడే ఇంటికెళ్ళి పెళ్ళాంతో, ఇక మేస్త్రి గారూ అని పిలవమని వేళాకోళమాడాడు కూడా. ఆవిడ నిజంగానే పిలుస్తోంది.

అలాంటి దుంగ మరొకటి లేదు. అమ్మగారి మామగారి కాలంలో కొట్టించి, గొడ్లసావిడిలో ఆరబెట్టి ఉంచిన దుంగ అది. చెప్పడానికి ఏకాంబరానికి నోరు రాలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుని, ముడి మీద నూనె పట్టించి, ఆ పక్కను పెరటి వైపుకు తిప్పేశాడు. అరుగు మీదున్న గురువు చూడలేదనే అనుకున్నాడు. పనికి ఏమీ లోటు లేదని, బరువు మొయ్యడమే కదా స్తంభానికి కావలసిందని తనకు తనే నచ్చచెప్పుకున్నాడు. అయినా నాలుగు ముద్దలు సరిగా తినలేకపోయాడు.

మంచిరోజు చూసి స్తంభాన్ని నిలబెట్టారు. పైదూలం ఇంకా ఊతకర్రల మీదే ఉంది. స్తంభం పాదానికి పసుపు రాసి బొట్టు పెట్టాక ఊతలు కొట్టేస్తారు. ఆ క్షణం నుంచి ఇంటి బరువు స్తంభానిది. పసుపు పెట్టడం పెద్దమేస్త్రి పని.

కామాచారి స్తంభం చుట్టూ ఒకసారి తిరిగాడు. పెరటి వైపున ఆయన చెయ్యి కాసేపు ఆగింది. తరవాత నిచ్చెన తెప్పించమన్నాడు. దూలం కూర్పు చూస్తాడు కాబోలని ఏకాంబరమే తెచ్చి వేశాడు.

ముసలాయన ఒక చేత్తో పసుపు పళ్ళెం పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైదాకా ఎక్కాడు. పద్మం మీద పసుపు రాశాడు. బొట్టు పెట్టాడు. ఒక చెయ్యి నిచ్చెనకు ఆనించి, రెండో చెయ్యి నుదుటికి చేర్చి దణ్ణం పెట్టుకున్నాడు. అలాగే మెల్లగా దిగాడు.

"అదేంటండీ ఆచారి గారూ, పాదానికి కదా పెట్టేది?" అంది సుభద్రాయమ్మ.

"పాదానికే పెట్టానమ్మా," అన్నాడు కామాచారి.

ఆవిడకు అర్థం కాలేదు. ఏదో శాస్త్రం అయి ఉంటుందనుకుని తనూ పైకి చూసి చేతులు జోడించింది. ఆవిడను చూసి పనివాళ్ళూ జోడించారు. ఏకాంబరం తల ఎత్తలేకపోయాడు.

కామాచారి వెళ్ళి గోడవార కూర్చున్నాడు. శిష్యుడి వైపు చూడలేదు. ఊతకర్రల దగ్గర పనివాళ్ళు సుత్తులు పట్టుకుని నిలబడ్డారు.

"కొట్టేమంటారాండీ మేస్త్రి గారూ?" అని వాళ్ళలో ఒకడు ఏకాంబరాన్ని అడిగాడు.

ఆ పిలుపు కోసమే ఏకాంబరం ఇన్నేళ్ళు చూశాడు. ఇప్పుడది చెవిలో పడగానే ఊతకర్రలకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఆగండి," అన్నాడు.

సుభద్రాయమ్మ ముందుకు వెళ్ళి, స్తంభం తలకిందులుగా నిలిపానని చెప్పాడు. మొదలు పైనుందని, అది తనకు ముందే తెలుసునని, తెలిసీ దాచానని చెప్పాడు. దింపి తిప్పాలంటే పద్మం కోసెయ్యాలి, స్తంభం మూరెడు పొట్టిదవుతుంది, కింద రాతిపీట ఎత్తు చెయ్యాలి, మిగతా మూడింటి పక్కన అది వచ్చినవాళ్ళందరికీ కనబడుతుంది. ఇవన్నీ దాచకుండా చెప్పాడు.

"ఇలాగే ఉంచితే ఇల్లు కూలుతుందా?" అని అడిగింది ఆవిడ.

"కూలదండి."

"ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదండి."

"మరి దింపడం ఎందుకయ్యా?"

ఏకాంబరం గురువు వైపు చూశాడు. గురువు మండువాలో పడుతున్న ఎండను చూస్తున్నాడు.

"నేను నిలిపానండి," అన్నాడు ఏకాంబరం.

ఆవిడ పద్మం మీది పసుపును ఇంకోసారి చూసింది. చివరికి దింపమంది. కానీ తెలిసీ దాచినవాడి చేతిలో ఇల్లు పెట్టలేనని, మిగిలిన పనికి ఆచారి గారే ఇంకొకరిని చూడాలని కూడా అంది. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఏకాంబరం సరేనండి అన్నాడు.

మధ్యాహ్నానికి స్తంభం పెరట్లో దిమ్మల మీద పడుకుని ఉంది. పనివాళ్ళు భోజనాలకు వెళ్ళారు. ఏకాంబరం పెద్దరంపం తెచ్చి పద్మం కింద గీత గీసి పళ్ళు ఆనించాడు. ఒక్కో రేకుకు ఎంత పొద్దు పోయిందో అతనికి తెలుసు. రంపం ఇద్దరు లాగాల్సినది, ఒక్కడి చేతిలో అది వంగిపోతోంది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు.

కామాచారి వచ్చి, తొడ మీద చెయ్యి ఆన్చుకుని నెమ్మదిగా ఎదురుగా చతికిలబడ్డాడు. రంపం అవతలి పిడి పట్టుకున్నాడు. ఇద్దరూ కోశారు. టేకు పొట్టు ఇద్దరి మోకాళ్ళ మీదా రాలుతోంది.

"ముడి బయటపడ్డప్పుడే మీరు చూశారు కదండీ," అన్నాడు ఏకాంబరం. "అప్పుడే ఓ మాట చెబితే ఇంతదాకా వచ్చేది కాదు కదా గురువుగారూ."

కామాచారి రంపం ఆపలేదు.

"అప్పుడు చెబితే స్తంభం ఒక్కటే సరయ్యేదిరా," అన్నాడు. "లాగు."