ఒడ్డు మీది పడవ

గమలీయేలు అయ్యగారిని ఎవరేం అడిగినా ముందు ఏదో ఒక పని చెప్పేవారు. జవాబు ఆ పనిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే పనైనా అయినట్టు. గోదావరి పాయ పక్కన ఆయన పాస్టరుగా ఉన్న ఆ చిన్న సంఘంలో ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా ఓబద్యా ఆ శనివారం సాయంత్రం కొత్త చొక్కా వేసుకుని మరీ వచ్చి అడిగాడు.

"అయ్యగారండీ, తాగుడు మానేసి మూడేళ్ళు దాటిందండి. ప్రభువు గెలిపించాడు. ఇప్పుడు దాని మీదికి నా మనసే పోదండి. ఇంకా రోజూ తెల్లారగట్ట లేచి మోకాళ్ళేసి ప్రార్థన చేయాలా, పాత జట్టుకి దూరంగా మసలాలా? గెలిచినోడికి ఈ కాపలా దేనికండీ?"

ప్రశ్న వెనక అసలు సంగతి వేరే ఉంది. ఆ రాత్రే అవతలి లంకలో ఏసురత్నం తమ్ముడి పెళ్ళి. ఏసురత్నం అంటే ఒకప్పుడు ఓబద్యాతో పోటీపడి తాగినవాడు, ఇప్పటికీ ఆ పోటీని ఒంటరిగా సాగిస్తున్నవాడు. పెళ్ళి మాట ఎత్తగానే భార్య మార్తమ్మ మొహం వాడిపోయింది. మొగుడు తాగొచ్చిన రోజుల్లో కూతురు కెజియా అడుగుల చప్పుడు వింటే మంచం కిందికి దూరేది. ఇప్పుడు అదే పిల్ల అదే చప్పుడుకి వీధిలోకి పరిగెత్తుకొస్తోంది. "నా మీద నమ్మకం లేదా?" అని ఓబద్యా కసిరితే, "అయ్యగారిని అడిగి వెళ్ళు" అని మాత్రం అంది మార్తమ్మ.

పెళ్ళి సంగతి ముందే తెలిసిన అయ్యగారు చేతికర్ర అందుకున్నారు. "సంఘం పడవ మీద వెళ్దువుగాని. ముందు నీళ్ళలోకి దింపు, నేనూ ఎక్కుతాను."

వేసవంతా అయ్యగారికి ఒంట్లో బాగోక లంకలో ఆరాధనలు ఆగిపోయాయి. పడవని ఒడ్డుకి లాగి, దాన్ని కనిపెట్టుకుని ఉండమని ఓబద్యాకే అప్పజెప్పారు. పెద్ద పనేం కాదు. చెక్క ఎండి అతుకులు వదలకుండా రోజూ నీళ్ళు పోసి, పైన తాటాకులు కప్పడమే. మొదట్లో శ్రద్ధగానే పోశాడు. తరువాత ఒకరోజు మానాడు, పడవకి ఏమీ కాలేదు. ఇంకోరోజు మానాడు, అప్పుడూ ఏమీ కాలేదు. ఒడ్డున పడుకున్న పడవకి స్నానమేమిటని నవ్వుకుని బిందె ఇంటికి తీసుకుపోయాడు.

పడవ నీళ్ళలోకి తేలిగ్గానే జారింది. నాలుగు తెడ్లు వేశాడో లేదో ఓబద్యా పాదాలు చల్లబడ్డాయి. చూస్తే అతుకు అతుకునా నీళ్ళు ఊరుతున్నాయి. కొత్త చొక్కా విప్పి ఒక సందులో కుక్కాడు. పక్క సందు నోరు తెరిచింది. అయ్యగారు పంచె మోకాళ్ళ పైకి లాక్కుని నిమ్మళంగా కూర్చున్నారు. ఆయనకి ఈత రాదని ఓబద్యాకి గుర్తొచ్చింది. గుండెల్లోతు నీళ్ళలోకి దూకి పడవని తోసుకొచ్చాడు. ఇసుక మీదికి లాగగానే లోపలి నీళ్ళు వచ్చిన దారినే పోయాయి.

"దీనికి రాయి తగల్లేదు, ఒక్క అలైనా కొట్టలేదు" అన్నాడు రొప్పుతూ. "వేసవంతా ఊరికే ఉందండీ!"

"అవును, ఊరికే ఉంది" అన్నారు అయ్యగారు.

అంతలో పాయలో ఇంకో పడవ వచ్చింది. పాత జట్టంతా అందులోనే ఉంది. "రా మావా, నీకోసమే చోటుంచాం!" అని ఏసురత్నం చెయ్యూపాడు. ఆ పిలుపు తియ్యగా ఉంది. పోనే పోదన్న మనసు అప్పుడే ఆ పడవ దాకా వెళ్ళొచ్చింది. అది తెలిసి ఓబద్యాకి నిజంగా భయం వేసింది. మంచం కింది పిల్ల కళ్ళముందు కదిలింది.

"మీరెళ్ళండ్రా, నాకు పనుంది!" అని కేకేసి, ఇంటికి పోయి బిందె అడిగాడు. మార్తమ్మ ఎందుకని అడక్కుండానే చేతికిచ్చింది.

అతను పడవ పక్కల మీద నీళ్ళు కుమ్మరిస్తుంటే అయ్యగారు కర్ర మీద ఆనుకుని కాసేపు చూశారు.

"లోపలివైపు కూడా పొయ్యి, ఓబద్యా" అన్నారు.