ఓడసాములోరి గుడికి దారి

అనగనగా ఒక ఊరు. పేరు గుల్లపాడు. ముందు సముద్రం, వెనక కొండ, మధ్యలో నలభై గడప. ఒరేయ్, ఆ కాళ్ళు తన్నుకోవడం ఆపి సర్దుకుని పడుకోండి. మీరు కదిలితే నా కథ కూడా కదిలిపోతుంది.

ఆ కొండమీద ఒక గుడి ఉందని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. చెప్పుకునేవాళ్ళే గానీ చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. తాతల తాతలనాడు చీనా దేశం నుంచి ఓడొకటి వచ్చిందట. అందులోంచి పలచటి గడ్డం, నడినెత్తిన ముడి ఉన్న సాధువొకాయన దిగాడట. ఓడలో వచ్చాడు కాబట్టి ఓడసాములోరు. ఎందుకొచ్చాడో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. అడిగినా ఏం లాభం, ఆయనకి మన మాటలు రెండే వచ్చు. ఒకటి కూర్చో, రెండోది తాగు.

ఆయన కొండమీద చిన్న గుడి కట్టుకున్నాడు. గుళ్ళో పీఠం ఉంది, పీఠం మీద దేవుడు లేడు. వాళ్ళ దేశంలో కొందరికి దారే దేవుడట. వాళ్ళ భాషలో తావో అంటారట. దారికి బొమ్మేం చేస్తారు, నడవాలి గానీ. కొండమీద నీళ్ళు లేవు కాబట్టి రోజుకో ఇంటి ఆడది వంతు ప్రకారం కడవ నెత్తిన పెట్టుకుని ఎక్కేది. ఆయన ఆ నీళ్ళలో ఏదో ఆకు వేసి కాచేవాడు. కూర్చో అనేవాడు, తాగు అనేవాడు. అదే పూజ. మొక్కులు లేవు, కోరికలు లేవు. దిగొచ్చేటప్పటికి మాత్రం మనసు నిమ్మళంగా ఉండేదట.

కొన్నాళ్ళకి ఆయన లేడు. కొంగమీదెక్కి వెళ్ళిపోయాడన్నారు కొందరు. మబ్బులో కలిసిపోయాడన్నారు కొందరు. దగ్గొచ్చి పోయాడని మా అమ్మమ్మ చెప్పేది, ఆవిడకి గాలికబుర్లు గిట్టవు. ఆయన పోయినా వంతు ఆగలేదు, ఆడవాళ్ళే నీళ్ళు కాచుకుని, తాగి దిగేవాళ్ళు.

ఇలా ఉండగా ఆ ఊరినేలే రాజు ఒకసారి కొండెక్కి చూసి పరవశించిపోయాడు. ఇంత పవిత్రమైన దారిని మట్టికాళ్ళతో తొక్కుతారా, అపచారం కదా అన్నాడు. ఇకమీదట ఎవరూ ఎక్కకూడదు, కొండ మొదట్లో నల్లబండ దగ్గర నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకుని వెళ్ళండి అని శాసనం వేశాడు. రాజుగారి మాట, అందులోనూ భక్తి మాట. ఎవరు కాదంటారు? కాళ్ళు ఆగిపోయాయి. ముళ్ళు ఆగవు కదమ్మా. మూడు తరాలు తిరిగేసరికి దారీ లేదు, గుడీ లేదు. నీళ్ళ వంతు మాత్రం మిగిలింది. ఊ కొడుతున్నారా?

ఆ ఊళ్ళో సోములమ్మ అని ఒకావిడ. కాళ్ళు పడిపోయి మంచానపడింది గానీ నోరు పడిపోలేదు. ఆవిడ కోడలు నూకాలు. వంతు వచ్చినరోజున అత్త మంచంలోంచే మొదలెట్టేది. కడవ నిండా ముంచాలి, చెయ్యి వేసి పట్టుకోకూడదు, చుక్క తొణక్కూడదు. ఎందుకత్తా అంటే మా అత్త చెప్పింది అనేది. మీ అత్తకెవరు చెప్పారంటే వాళ్ళత్త అనేది. ఆ అత్తకో అనేసరికి, వెళ్తావా మానతావా అని కసిరేది. నూకాలు సణుక్కుంటూ వెళ్ళి, బంగారంలాంటి మంచినీళ్ళు బండమీద పోసి వచ్చేది.

ఇంతలో ఏమైందీ? పాతరాజుగారి మునిమనవడు రాజయ్యాడు. ఆ రాజుకి నిద్ర పట్టదు. రాజుకి నిద్ర లేదు కాబట్టి మంత్రికి నిద్ర లేదు. మంత్రికి లేదు కాబట్టి భటులకి లేదు. భటులకి లేదు కాబట్టి గుర్రాలకి లేదు, గుర్రాలు సకిలిస్తుంటే కోటలో పసిపిల్లలకి లేదు. వైద్యులు అన్ని నూనెలూ మర్దించి, ఓడసాములోరి గుళ్ళో కూర్చుంటేనే తమరికి నిద్ర అని చేతులెత్తేశారు. భటులు గొడ్డళ్ళు పట్టుకుని కొండమీదకి నిటారుగా నరుక్కుంటూ పోయారు. రాళ్ళు దొరికాయి, తేనెటీగలు దొరికాయి, గుడి దొరకలేదు. గుడిని కొంగ ఎత్తుకుపోయిందని ఒకడు, కొండ మింగేసిందని ఇంకొకడు, దయ్యం కాపలా ఉందని మరొకడు.

నిద్రలేని మనిషికి కోపం ముక్కుమీదే ఉంటుంది. ఊరివాళ్ళు కావాలనే దాచారు, అమావాస్యలోగా గుడి చూపించకపోతే ఊరు ఖాళీ చెయ్యాల్సిందే, కొండంతా పిండి చేయిస్తానని దండోరా వేయించాడు రాజు. ఊరు మూటలు కట్టడం మొదలెట్టింది. సోములమ్మ కోడల్ని పిలిచింది.

"నన్ను మొయ్యలేరే. కాసిని నీళ్ళు దగ్గర పెట్టి మీరు పొండి."

రోజూ పోట్లాడే అత్త అంత మెత్తగా మాట్లాడేసరికి నూకాలుకి దుఃఖం ఆగలేదు. ఈవిణ్ణి వదిలి ఎలా పోను అనుకుంది. మర్నాడు వీళ్ళ వంతే. కడవ నెత్తిన పెట్టుకుని బండదాకా వెళ్ళింది. పొయ్యబోతూ ఆగిపోయింది. పారబొయ్యడానికి తెచ్చే నీళ్ళు చుక్క తొణికితేనేం? ఈ నియమం బండకోసం పుట్టింది కాదు, పైకి మొయ్యడానికి పుట్టింది. నిండుకడవతో ఆడవాళ్ళు నడిచిన దారంటే నిటారుగా ఉండదు, గెంతాల్సిన పని ఉండదు. అయితే దారిని కళ్ళతో వెతకడం కాదు, కడవనే అడగాలి అనుకుంది.

ఒక కర్ర తీసుకుని పొదలు పక్కకి తోస్తూ బయల్దేరింది. కుడికి వెళ్ళింది, నీళ్ళు తొణికాయి, వెనక్కి వచ్చింది. ఎడమకి వెళ్ళింది, నీళ్ళు తొణకలేదు, ముందుకి నడిచింది. మళ్ళీ కుడికి వెళ్ళింది, తొణకలేదు, నడిచింది. తుప్పల కింద నేల గట్టిగా, అరిగిపోయి, పాదానికి సుఖంగా తగిలింది. కొండని చుట్టుకుంటూ చుట్టుకుంటూ పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గుడి ముందు నిలబడింది. కప్పు సగం కూలింది. ఖాళీ పీఠం, మూడురాళ్ళ పొయ్యి, వాకిలంతా సాములోరు కాచుకున్న ఆ ఆకుమొక్కే.

కబురు విని రాజు పల్లకీలో వచ్చాడు. ఆ మలుపుల్లో పల్లకీ తిరగదు. దారి తప్పకూడదంటే తమరే కడవ ఎత్తుకోవాలి అని మంత్రి చేత చెప్పించింది నూకాలు. రాజు మొదటిరోజు పదడుగులకే కడవ పగలగొట్టాడు. రెండోరోజు నిలువునా తడిశాడు. మూడోరోజు మెల్లగా నడవడం నేర్చుకుని, పైకి చేరాడు. ఏం కోరుకోవాలి అని అడిగాడు. ఇక్కడేమీ కోరరు, కూర్చోండి అంది నూకాలు. పొయ్యిమీద నీళ్ళు మరిగేలోపే పీఠానికి ఆనుకుని నిద్రపోయాడు. మంత్రి పరుపులు తెప్పించబోతే నూకాలు నోటిమీద వేలు పెట్టింది. మర్నాడు ఎండ మొహాన పడేదాకా రాజు లేవలేదు.

లేచినవాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బంగారు కప్పు వేయిస్తాను, ప్రాకారం కట్టిస్తాను, కాపలా పెట్టిస్తాను అన్నాడు. నూకాలు ఉండబట్టలేక అనేసింది.

"మహారాజా, మీ ముత్తాతగారూ గౌరవమే చేశారు. ఆ గౌరవంతోనే ఇది పోయింది. తమకి మనసుంటే ఒక వంతు తీసుకోండి."

రాజు బంగారం మాట వదిలేశాడు. తర్వాత తన వంతు ఏరోజో అడిగాడు. నలభై ఇళ్ళ తర్వాత నలభై ఒకటో రోజు అంది. అన్నట్టే ఆరోజుకి ఒంటరిగా వచ్చాడు.

నూకాలు కడవ తను తీసుకుంది. మా అత్త నలభై ఏళ్ళు బండదాకా నీళ్ళు మోసింది గానీ గుడి ఎరగదు, ఇవాళ మీరు మొయ్యాల్సింది ఆవిణ్ణి అంది. రాజు వంగాడు. మంచంలో వదిలేసి పొమ్మన్న మనిషి రాజు వీపెక్కి కొండెక్కింది. దారి పొడుగునా, మెల్లగా నాయనా, అక్కడ కాదు ఇక్కడ అని గదమాయిస్తూనే ఉంది. పైకి వెళ్ళి పీఠం ముందు కూర్చున్నాక మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. కోడలు వేడినీళ్ళు ఇస్తే రెండుచేతులా పట్టుకుని తాగింది. ఇంకాసేపు ఉందామే అంది.

అంతేనమ్మా. ఎంత గొప్పదైనా వెళ్ళొస్తూ ఉంటేనే మనది, దూరం నుంచి దణ్ణాలు పెడితే ముళ్ళపాలు. చుట్టాలైనా అంతే, దేవుడైనా అంతే. ఇక కథ కంచి బాట పట్టింది, మనం నిద్ర బాట పడదాం.