తాటిదోనెలో పిచ్చుక గూడు

అనగనగా, వానలు వేళకు పడే రోజుల్లో, ఒక ఊళ్లో మార్కండయ్య అనే నేతగాడు ఉండేవాడు. అతని భార్య భద్రమ్మ. వాళ్లది మట్టిగోడల ఇల్లు. లోపల గుంటమగ్గం. చూరు నుంచి కారే నీళ్లు గోడ మీద పడకుండా చూరు పొడుగునా తాటిదోనె కట్టి ఉండేది. వాననీళ్లు అందులో పడి వీధిలోకి పోయేవి.

ఆ ఏడు వేసవిలో దోనెలో పిచ్చుక గూడు కట్టింది. మార్కండయ్య మురిసిపోయాడు.

"పిచ్చుక చేరిన ఇంట్లో లక్ష్మి ఉంటుందే! దాని మీద చెయ్యి వేశావో, జాగ్రత్త!" అన్నాడు. ఇంకేముంది, గూటితోపాటు దోనెలో రాలిన వేపాకు కూడా పవిత్రమైపోయింది.

మొదటి వాన పడింది. గూడూ ఆకులూ అడ్డుపడి దోనె పొంగింది, గోడ చెమ్మగిల్లింది. భద్రమ్మ గబగబా మగ్గం వైపు చూసింది. మగ్గం మీద ఉన్నది రాజుగారి అమ్మాయి పెళ్లిచీర మరి!

"ఏమయ్యా, దోనె బాగుచెయ్యవా?"

"ఎండకు గోడ అదే ఆరిపోతుంది లేవే."

రెండో వాన పడింది. గోడ అడుగున మట్టి పెళ్లలు ఊడిపడ్డాయి. "ఇంత మట్టి మెత్తు, సరిపోతుంది" అన్నాడు మార్కండయ్య, మగ్గం దగ్గర్నుంచి లేవకుండానే. భద్రమ్మ మెత్తింది. కానీ ఆమెకు అన్నం సహించలేదు. మబ్బు కనిపిస్తే చాలు, వెళ్లి గోడ తడిమి చూసుకునేది.

మూడో వానకు పట్టపగలే చీకటి కమ్మింది. గోడ ఉబ్బింది. మగ్గం గుంటలోకి నీళ్లు దిగాయి. "అయ్యో, పడుగు!" అంటూ మార్కండయ్య దారాలు పైకెత్తి పట్టుకున్నాడు. భద్రమ్మ వానలోకి పరుగెత్తి నిచ్చెన ఎక్కింది. గూటి దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది.

"తీస్తే పాపం. తీయకపోతే ఇల్లు కూలుతుంది. దేవుడా, ఏం చెయ్యను?"

వాసం మీద తడుస్తున్న పిచ్చుక అరిచింది. "ఎవరి కోసమమ్మా ఆగావు? నా పిల్లలు ఎప్పుడో ఎగిరిపోయాయి. అది ఒట్టి గడ్డి! ఇల్లు కూలితే తలదాచుకోను నాకూ చోటుండదు. తియ్యి, తొందరగా!"

భద్రమ్మ రెండు చేతులా గడ్డీ ఆకులూ లాగి పారేసింది. నీళ్లు భళ్లున వీధిలోకి దూకాయి. గోడ నిలిచింది. చీర మాత్రం జానెడు తడిసింది. ఆ జానెడూ విప్పి మళ్లీ నేస్తూ మార్కండయ్య సిగ్గుపడ్డాడు.

"ఒక్కసారి ఎక్కి చూసి ఉంటే ఎంత బాగుండేది! ఖాళీ గూటికి కాపలా కాసి ఇల్లే పోగొట్టుకోబోయానే!"

ఆ మరుసటి ఏడు మళ్లీ పిచ్చుక గూడు కట్టింది. పిల్లలు ఎగిరిపోగానే, తొలి మబ్బు పట్టకముందే, మార్కండయ్య తానే నిచ్చెన వేశాడు.

కాబట్టి పిల్లలూ, వాన రాకముందే నీటి దారి బాగుచేసుకున్న ఇంట్లోనే లక్ష్మి నిలుస్తుంది.