కాళ్ళీడ్చిన పెంటమ్మ

ఎత్తి ఎత్తి అడుగెయ్యవే చిన్నమ్మీ
గంగమ్మ ఒడిలోన కాలీడ్చరాదే
ఎత్తి ఎత్తి అడుగెయ్యవే...

గున్నమ్మ చిన్నప్పుడు పాడుకున్న పాట ఇది. ఆ తర్వాతి మాటలు ముసలితనంలో ఆమెకు గుర్తురాలేదు. రాకపోవడమే మంచిదయింది. ఎందుకో వినండి.

ఏటికీ సముద్రానికీ ఇంకా ఎవరి హద్దు వారికి తెలియని కాలంలో, ఆ రెండూ కలిసేచోట ఒక పల్లె ఉండేది. మగవాళ్ళు పడవలెక్కి లోతుకు పోయేవారు. ఆడవాళ్ళు మోకాటిలోతు నీళ్ళలో నడుస్తూ చేతులతో తడిమి రొయ్యలు పట్టేవారు.

ఆ నీళ్ళ అడుగున టేకు చేపలు ఉండేవి. చేటంత వెడల్పు, చేటంత పలచన. ఇసుకను దుప్పటిలా కప్పుకుని పడుకునేవి. మీద కాలు పడితే తోకతో కొట్టేవి. ఆ తోకకు విషపు ముల్లు. నిద్రపోతున్నదాన్ని తొక్కితే అది మాత్రం ఏం చేస్తుంది చెప్పండి.

కానీ పల్లెలో మాట వేరు. ఇంట్లో కాళ్ళీడ్చే కోడలు దరిద్రం తెస్తుందంటారు కదా, అలాగే గంగమ్మతల్లి ఒడిలోనూ కాళ్ళీడ్చరాదనేవారు. ఎత్తి ఎత్తి వెయ్యాలి. అలా నడిచినా ముల్లు దిగిందంటే ఆ ఆడది తప్పు చేసి నీళ్ళలోకి వచ్చిందన్నమాట. ఊరిపెద్ద క్షమించేదాకా ఊరి బయట పాకలో పడి ఉండాలి. బిడ్డల్ని కూడా తాకకూడదు.

గున్నమ్మ అత్త పెంటమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, ఈమెనైనా దక్కించుకోవాలని తల్లి పెంటకుప్ప మీద పొర్లించి పెట్టిన పేరు అది. పసితనంలోనే ఒక కాలు చచ్చుబడింది. దాన్ని ఎత్తి వెయ్యలేక నీళ్ళలో రెండు కాళ్ళూ ఈడ్చుకుంటూ పోయేది. అటు పోవే ఈడుపుకాళ్ళదానా, నీ వెనకాల దరిద్రం వస్తాదని ఆడవాళ్ళు తరిమేవారు. ఆమెను ముల్లు ఏనాడూ ముట్టలేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆ ఏడాది మొదట దాలమ్మకు గుచ్చుకుంది. మొగుడికి ఎదురు చెప్పిందన్నారు, పాకలో పెట్టారు. తర్వాత నీలమ్మకు గుచ్చుకుంది. స్నానం చెయ్యకుండా పొయ్యి ముట్టించిందన్నారు, పాకలో పెట్టారు. ఆ తర్వాత గున్నమ్మకు గుచ్చుకుంది. ఏమీ దొరక్క, మనసులో ఏదో అనుకునే ఉంటుందన్నారు. పాకలో పెట్టారు.

గున్నమ్మకు ఇంటి దగ్గర చంటిబిడ్డ. పాకలోకి ఆ ఏడుపు వినిపిస్తూనే ఉంది. పాలకు రొమ్ములు సలుపుతున్నాయి, విషానికి కాలు మండుతోంది.

పెంటమ్మ ఊరి కట్టుబాటు మీరి వేడినీళ్ళ కుండతో పాకకు వచ్చింది. ఓర్చుకోగలిగినంత వేడిలో కోడలి కాలు ముంచింది. కాసేపటికి మంట దిగింది. అప్పుడు అడిగింది, "నిజం చెప్పు గున్నా. ఏటి చేసినావే?"

"ఏటీ చెయ్యలేదత్తా. ఎత్తి ఎత్తే నడిచినాను."

పెంటమ్మ తన చచ్చుకాలి వంక చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. అంతలో మళ్ళీ బిడ్డ ఏడ్చింది.

మర్నాడు నీళ్ళు తగ్గిన వేళ, పెంటమ్మ బిడ్డను చంకనేసుకుని ఊరిపెద్ద అసిరయ్య ముందు నిలబడింది. ఊరంతా గట్టున చేరింది. ఏడుపు విని ఉండబట్టలేక గున్నమ్మ కూడా కుంటుకుంటూ వచ్చింది.

"మగాడికి గుచ్చితే చేపది తప్పంటారు," అంది పెంటమ్మ. "ఆడదానికి గుచ్చితే ఆడదానిదే తప్పంటారు. చేప ఒకటే కదా పెద్దయ్యా."

జవాబుకు ఆగలేదు. బిడ్డను, పాక నుంచి అప్పటికే విడుదలైన దాలమ్మకిచ్చి నీళ్ళలో దిగింది. కాళ్ళు ఈడ్చింది. కాలి ముందు ఇసుక లేచింది, టేకు పక్కకు పోయింది. మళ్ళీ ఈడ్చింది. ఇసుక లేచింది, టేకు పోయింది. మళ్ళీ ఈడ్చింది. ఇసుక లేచింది, టేకు పోయింది.

అసిరయ్యకు ఒళ్ళు మండింది. గంగమ్మ మర్యాద ఈ కుంటిది నేర్పాలా నాకు అంటూ పంచె ఎగ్గట్టాడు. ఎత్తి వేశాడు ఒక అడుగు. ఎత్తి వేశాడు ఇంకో అడుగు. మూడో అడుగుకు కెవ్వున అరిచి నీళ్ళలో కూలబడ్డాడు.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గున్నమ్మే అడిగింది.

"ఏటి తప్పు చేసి దిగినావు పెద్దయ్యా?"

ఎవరూ నవ్వలేదు. పెంటమ్మ అప్పటికే గట్టెక్కి పొయ్యి ఊదుతోంది, పెద్దయ్య కాలికి నీళ్ళు కాయడానికి. గున్నమ్మ బిడ్డను తీసుకుని అక్కడే కూర్చుని పాలిచ్చింది. అడ్డు చెప్పినవాళ్ళు లేరు. పాకను పీకి, ఆ కర్రలే పొయ్యిలో పెట్టారు.

ఈనాటికీ ఆ పల్లెలో నీళ్ళలో దిగేవాళ్ళు కాళ్ళీడుస్తారు. "జరుగు తల్లీ, పెంటమ్మ వస్తోంది" అని టేకుకు చెప్పి మరీ ఈడుస్తారు. కొత్తకోడలికి ముందు నేర్పేది ఆ నడకే. ఎవరికైనా ముల్లు దిగితే ఏం చేశావని అడగరు, నీళ్ళు కాగాయా అని అడుగుతారు.

పెంటమ్మ పోయేముందు గున్నమ్మను దగ్గరికి పిలిచింది. పెద్దమాట ఏదో చెబుతుందని గున్నమ్మ చెవి ఒగ్గింది.

"ఎవరేటన్నా సరే," అంది పెంటమ్మ, "కాళ్ళెత్తకే గున్నా."