ఇనుప గుగ్గిళ్ళు

అనగనగా ఒక రాజు. ఆయన కొలువులో ఒక వింత ఆచారం. ఎవరేం చెప్పినా "ఆహా, ఎంత గంభీరం!" అని తలూపాలి. "అర్థం కాలేదు" అన్నవాడి పరువు పోయినట్టే. అందుకే రాజగురువు ఏం గొణిగినా గంగిరెద్దుల్లా తలలూగేవి.

రాజుకి ముగ్గురు కొడుకులు. చిన్నవాడు వసంతశేఖరుణ్ణి దాది గవరమ్మ పెంచింది. ఆవిడ నోరు కత్తి.

"నాయనా, కొరుకుడు పడని మాటల్ని ఇనుప గుగ్గిళ్ళంటారు. మీ గురువుగారి ఉపన్యాసాల్లాంటివన్నమాట. నమలలేకపోతే లేనని చెప్పు. మింగినట్టు నటించావో, చెవి మెలేస్తాను!" అనేది.

ఇలా ఉండగా ఉగ్రఘంటుడనే మాంత్రికుడు పొరుగు రాజకుమారి మందారవతిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. "నా చిలుక ఏమంటోందో చెప్పినవాడికే ఈ పిల్ల. తప్పు చెప్తే రాయిని చేస్తా!" అని చాటించాడు.

పెద్దవాడు వెళ్ళాడు. చిలుక "గర్ర్ గుర్ర్" అంది. "ఆహా, వేదాంతం!" అన్నాడు. రాయైపోయాడు.

రెండోవాడు వెళ్ళాడు. చిలుక "గర్ర్ గుర్ర్" అంది. "ఓహో, రాజనీతి!" అన్నాడు. వాడూ రాయే.

అన్నల కోసం శేఖరుడు బయలుదేరాడు. ముసలి తాబేలొకటి జాలిపడి, వీపునెక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. చిలుక "గర్ర్ గుర్ర్" అంది. రాళ్ళైన అన్నల్ని చూశాడు. "ఆహా" నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో చెవి చురుక్కుమంది, దాది మెలేసినట్టే!

"నాకర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

"గర్ర్ గుర్ర్."

"ఇంకా కాలేదు. మళ్ళీ చెప్పు."

మూడోసారి చిలుక నోరు బార్లా తెరిచింది. గొంతులో ఇనుప గుండు!

"అడక్కూడదు!" అని మాంత్రికుడు గావుకేక పెట్టేలోపే శేఖరుడు గుండు లాగి, పక్కనున్న బండకేసి కొట్టాడు. గుండు పగిలింది. అందులో ప్రాణం దాచుకున్న మాంత్రికుడు బూడిదయ్యాడు. అన్నలు లేచి కూర్చున్నారు.

"బతికించావు బాబూ! గొంతుకడ్డం పడింది, తీయండని ఇన్నాళ్ళూ మొత్తుకుంటుంటే అందరూ పొగిడేవాళ్ళే!" అంది చిలుక.

"అర్థం కాకపోతే అడిగే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?" అంది చెర వీడిన మందారవతి.

పెళ్ళిలో మొదటి తాంబూలం ఆనవాయితీగా రాజగురువుది. శేఖరుడు దాన్ని దాది చేతిలో పెట్టి, "అమృతహృదయా, అపార కరుణా..." అని మొదలెట్టాడు.

"ఏమిట్రా ఆ ఇనుప గుగ్గిళ్ళు! తిన్నగా చెప్పి ఏడువు!"

"నువ్వు లేకపోతే నేనూ రాయినయ్యేవాణ్ణమ్మా."

"ఆఁ, ఇప్పుడర్థమైంది," అంటూ గవరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

తర్వాత శేఖరుడు చాలాకాలం రాజ్యమేలాడు. ఆ రాజ్యంలో "అర్థం కాలేదు" అన్న పిల్లలకల్లా గుప్పెడు గుగ్గిళ్ళు పెట్టేవారట, మెత్తగా ఉడికినవి.