మసి కెటిల్

పరంధామానికి అందమైనవి తప్ప ఏవీ గిట్టవు. అందుకే బెజవాడ వచ్చి బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టి మూడేళ్ళయినా, ఆ ఊరు అతని బొమ్మల్లోకి ఇంకా రాలేదు.

గురువు ఖాదర్ మాస్టారు. నలభై ఏళ్ళుగా ఆయన వేసేది కంటికి కనబడింది కనబడినట్టు. చేపల బజారు, సిటీ బస్సు మెట్లు, పంక్చర్ కొట్టు. ఆయన నోట ఒక మాట రావాలంటే ముందు టీ పడాలి.

ఏటా జరిగే చిత్రప్రదర్శనకు శిష్యుడి బొమ్మ వెళ్ళాలంటే వెనక గురువు సంతకం ఉండాలి. మాస్టారు గత రెండేళ్ళూ పెట్టలేదు. ఈసారి గడువు రేపటితో ఆఖరు. పరంధామం బొమ్మ ప్రదర్శనకు వెళ్ళిపోయిందని వాళ్ళ ఊళ్ళో అప్పటికే అందరికీ తెలుసు. చెప్పింది పరంధామమే.

"మన వీధి వేయమన్నారుగా మాస్టారూ, వేశాను. కాస్త శుభ్రం చేసి వేశాను," అంటూ బొమ్మ తెచ్చి నిలబెట్టాడు.

నిజంగానే శుభ్రం చేశాడు. కరెంటు తీగలు తీసేశాడు. మేడల మీద ఆరేసిన లుంగీలు తీసేశాడు. కుళాయి దగ్గర బకెట్లనూ, వాటి వెనక తగువునూ తీసేశాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరివల్లా కాని పని వారంలో ముగించాడు.

మాస్టారు బొమ్మను చంకన పెట్టుకుని వీధి చివర చిట్టెమ్మ టీ కొట్టుకు నడిచారు. గుంజకున్న మేకుకు తగిలించారు.

"ఎంత బాగుందో! ఏ దేశం బాబూ?" అంది చిట్టెమ్మ.

"మన వీధే," అన్నాడు వెనకే వచ్చిన పరంధామం.

ఇస్త్రీ బండి వరహాలు తొంగిచూశాడు. "మన వీధా? మరి జనమేరీ? అందరూ పుష్కరాలకు పోయారా?"

కొట్టు ముందు అందరూ నవ్వారు. పరంధామం చెవులు ఎర్రబడ్డాయి.

మాస్టారు బొమ్మకేసి చెయ్యి చాపారు. "చిట్టెమ్మా, ఒక టీ."

"ఇక్కడున్నాను మాస్టారూ!"

"ఇందులో లేవుగా," అన్నారాయన. చాపిన చెయ్యి అలాగే ఉంచారు.

పరంధామం కాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత గదికి పరిగెత్తి రంగులు తెచ్చుకుని, బోర్లించిన సోడా పెట్టె మీద కూర్చున్నాడు.

ముందు తీగలొచ్చాయి, వాటి మీద కాకులొచ్చాయి. లుంగీలు మళ్ళీ ఆరడం మొదలుపెట్టాయి. "నా బకెట్టుకు చెవి విరిగింది, చూసి వెయ్యి," అని కుళాయి దగ్గర్నుంచి ఒకావిడ కేకేసింది. వరహాలు పొట్ట లోపలికి లాగి, ఇస్త్రీ పెట్టె పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆ పూట ఎవరి చొక్కా మాడిందో వీధి మొత్తానికి తెలుసు, ఆ చొక్కా తాలూకు ప్లీడరుగారికి తప్ప.

పొద్దు వాలుతుండగా పరంధామం బొమ్మలో చిట్టెమ్మ టీ కెటిల్ దగ్గరికొచ్చాడు. ఏళ్ళ తరబడి పట్టిన మసి. చూస్తూ చూస్తూ తనలో తనే నవ్వాడు.

"మాస్టారూ, ఈ నలుపులో నీలముంది!"

"ఇవాళే వచ్చిందా?" అన్నారు మాస్టారు.

చిట్టెమ్మ వంగి చూసింది. తన చీర, తన పొయ్యి, తన కెటిల్. "అయ్యో, ఈ మసిది కూడా వేశావా? పరువు పోతుంది బాబూ! ఉండు, తోమేస్తాను," అంటూ కొబ్బరి పీచు అందుకుంది.

"వద్దమ్మా, తోమకు!"

పరంధామం అరిచిన అరుపుకు తీగ మీది కాకులన్నీ లేచాయి.

మాస్టారు జేబులోంచి కలం తీశారు.